ఉప్పు పడ్డ కాఫీ

మే 1, రాత్రి

డికాక్షన్ దిగాక చూస్తే ఫ్రిజ్‌లో పాలు లేవు. అమ్మాయి నిన్న రాత్రి తాగేసి ఖాళీ డబ్బాను మళ్ళీ అక్కడే నిలబెట్టింది. బయట వాన. గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు తట్టాను. ఇక్కడ ఐర్లండ్‌లో, ఈ కిల్కెన్నీ ఊళ్ళో పొద్దున్నే పాలు అప్పడిగేవాళ్ళు ఎవరూ ఉండరు కాని, ఎనిమిదేళ్ళ పరిచయం, పెద్దావిడ ఏమీ అనుకోదు.

గడప మీద పసుపురంగు ప్రిమ్‌రోజ్ పూలు చల్లి ఉన్నాయి. దాటి లోపలికి వెళ్ళి విషయం చెప్పగానే ఆవిడ గట్టిగా నవ్వింది. "పాలా? ఈ రోజా?" అంది. మే ఒకటో తేదీన పాలు గడప దాటితే వాటితో పాటు ఇంటి వెన్నా పోతుందని వాళ్ళమ్మ ఊరుకునేది కాదట. పాలే కాదు, పొయ్యిలో నిప్పు కూడా ఇచ్చేవాళ్ళు కాదట. ఎనభై దాటిన మనిషి, ఇవన్నీ నమ్ముతుందా అంటే నమ్మనంటుంది. నమ్మనంటూనే నా గిన్నె పక్కన పెట్టి, తన జగ్గులో పాలు పోసి, చిటికెడు ఉప్పు వేసి ఇచ్చింది. జగ్గు రేపు తెమ్మంది, ఇవాళ మాత్రం వద్దంది.

కాఫీ కలుపుకుని తాగాను. ఉప్పు బాగానే తెలిసింది. పారబోయడానికి మనసు రాలేదు.

మా నాయనమ్మ దీపాలు పెట్టాక తోడుకు పెరుగు ఇచ్చేది కాదు. మరీ తప్పకపోతే అందులో ఎండుమిరపకాయ ఒకటి వేసి ఇచ్చేది. కాఫీ తాగుతుంటే అదే గుర్తొచ్చింది. పోలిక ఇక్కడితో ఆపుతాను. ఈ దేశంలో ఏది చూసినా మన ఊళ్ళో దానికి జోడీ వెతికే అలవాటు నాకుంది, దానివల్ల ఎదురుగా ఉన్నదాన్ని సరిగ్గా చూడనని మా ఆయన ఫిర్యాదు. అందులో కొంత నిజముంది.

ఎదురుగా ఉన్నది వెన్న. ఐర్లండ్ పల్లెల్లో వందల ఏళ్ళు ఆవు పొదుగు నుంచి వెన్నముద్ద దాకా పని అంతా ఆడవాళ్ళదే. ఎండాకాలం పశువులను కొండ మీది పచ్చికకు తోలుకెళ్ళి, అక్కడి గుడిసెల్లో నెలల తరబడి ఉండి పాలు పితికి వెన్న తీసింది ఎక్కువగా పెళ్ళికాని అమ్మాయిలు. వాళ్ళ పాత న్యాయశాస్త్రం, 700 ప్రాంతంలో రాసినది, భార్యాభర్తలు విడిపోతే ఏది ఎవరికి చెందుతుందో లెక్కకట్టింది. పాడిలోనూ ఉన్నిలోనూ ఆవిడ పడ్డ కష్టానికి వాటా ఉంది. గొర్రె మీద కత్తిరించిన బొచ్చుగానే ఉంటే ఆవిడకు కొంచెం, నేసి బట్ట అయ్యాక సగం. పని ముదిరేకొద్దీ వాటా పెరుగుతుంది. చదివినప్పుడు ఎంత ముచ్చటేసిందో. అయితే ఆ పుస్తకాల్లోనే ఆడదాని సాక్ష్యం చాలా సందర్భాల్లో చెల్లదని కూడా ఉంది, కాబట్టి దాన్ని స్వర్ణయుగమని పొగిడేవాళ్ళతో నేను గొంతు కలపను. పదిహేడో శతాబ్దం మొదట్లో ఆంగ్లేయుల చట్టం వచ్చి ఆ పద్ధతిని తుడిచేసింది. దాని ప్రకారం పెళ్ళయిన ఆడదాని సొత్తు మొగుడిదే.

చట్టాలు ఎన్ని మారినా వెన్న చిలకడం మాత్రం వాళ్ళకు తప్పలేదు. ఎంత చిలికినా ఒక్కోరోజు వెన్న పడదు. మీగడకు వేడి చాలలేదనో ఎక్కువైందనో ఇప్పుడు మనం అంటాం. అప్పట్లో అయితే ఎవరో ఎత్తుకుపోయారన్నమాట. ఎవరు? ఎప్పుడూ ఒక ఆడదే, అందులోనూ ముసలిది, ఒంటరిది. 1180ల్లో ఐర్లండ్ గురించి రాసిన గెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాధికారి అప్పటికే ఈ మాట రాసిపెట్టాడు: ముసలమ్మలు కుందేళ్ళుగా మారి ఇతరుల ఆవుల పొదుగుల్లో పాలు తాగేస్తారట. తర్వాతి కథల్లో వేటగాడు కుందేలును గాయపరుస్తాడు, నెత్తుటి చారను పట్టుకుని వెళితే గుడిసెలో కాలికి కట్టు కట్టుకున్న అవ్వ కనిపిస్తుంది. ఏ జిల్లాలో అడిగినా ఈ కథ దొరుకుతుంది.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. భోజన విరామంలో సెయింట్ కానిస్ కేథడ్రల్ దాకా నడిచాను. ఆ పైకప్పు చూసినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, కడుపులో తిప్పినట్టూ ఉంటుంది. 1324లో ఈ ఊరి ఆలిస్ కైట్లర్ మీద బిషప్ రిచర్డ్ లెడ్రెడ్ మంత్రగత్తె అని కేసు పెట్టాడు. నలుగురు మొగుళ్ళను చేసుకుంది, వడ్డీ వ్యాపారంలో గడించింది. ఫిర్యాదు చేసినవాళ్ళలో సవతి పిల్లలు ఉన్నారు: మా నాన్నలకు మందుపెట్టి ఆస్తి అంతా తనకూ కొడుకు విలియంకూ రాయించుకుందని వాళ్ళ ఏడుపు. ఊరి పెద్దల అండ ఎంతుందంటే, ముందు బిషప్పే పదిహేడు రోజులు కోటలో ఖైదు అనుభవించాడు. చివరికి ఆలిస్ తప్పించుకుపోయింది. కొడుక్కి పడ్డ శిక్షలో ఈ గుడి కప్పుకు సీసపు రేకులు వేయించడం ఒకటి. 1332లో గంటగోపురం కూలింది, ఆ సీసం బరువుకే కూలిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఇక ఆలిస్ పనిమనిషి పెట్రోనిల్లాను కొరడాలతో కొట్టి ఒప్పించి, నవంబర్ 3న ఈ ఊళ్ళోనే సజీవంగా కాల్చారు. యజమానురాలి పేరుతో ఇవాళ్టికీ ఊళ్ళో ఒక పాతకాలపు సత్రం నడుస్తోంది, లోపల బీరూ పాటలూ. పెట్రోనిల్లా పేరు చెప్పి గ్లాసు ఎత్తేవాళ్ళను మాత్రం నేను చూడలేదు.

తర్వాతి కాలపు చరిత్రల్లో ఆలిస్ మీద ఇంకో మాట చేర్చారు. సాయంకాలం వీధులన్నీ ఊడుస్తూ ఆ చెత్తను కొడుకు వాకిట్లోకి తోసేదట, ఊరి సిరులన్నీ నా కొడుకు ఇంటికే రావాలని పాడుకుంటూ. ఎన్నోసార్లు చదివిన ముక్కే. ఇవాళ ఉప్పు కాఫీ తాగి ఉన్నాను కాబట్టి మెట్ల మీద కూర్చుంటే ఠక్కున వెలిగింది. ఇది వెన్నదొంగ కథే! పల్లెలో మే ఒకటిన తెల్లవారకముందే పొరుగు పొలంలో మంచు మీద గుడ్డ ఈడుస్తూ "అంతా నాకే రా" అనే ఆడదానికీ, పట్నంలో చీపురు పట్టిన ఈవిడకూ తేడా ఏముంది? చేతికి సొంత డబ్బు వచ్చిన ఆడది దాన్ని సంపాదించిందని ఎవరూ అనరు. ఎక్కణ్ణుంచో లాగిందంటారు.

సాయంత్రం ఉప్పులేని వెన్న కరగబెట్టి నెయ్యి కాచాను. కాగుతుండగా డూకస్ అనే జానపద కథల వెబ్‌సైట్ తెరిచి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. 1937 నుంచి 1939 దాకా ఇక్కడి బడిపిల్లలు యాభై వేల మందికి పైగా ఇంట్లో ముసలివాళ్ళను అడిగి రాసిన కథలు, వాళ్ళ చేతిరాతతోనే అందులో ఉన్నాయి. వెన్న గురించి ఎన్ని పేజీలో! చిలుకుతున్న ఇంట్లోకి వచ్చినవాళ్ళు నాలుగు పోట్లు వేయకుండా వెళ్ళకూడదట. ఆ సమయంలో పొగాకు పైపు వెలిగించుకుని బయటికి పోతే నిప్పుతో పాటు వెన్నా పోతుందట.

ఒక కథకు అమ్మాయి పడిపడి నవ్వింది. మే పొద్దున ఒకడు దారిన పోతుంటే పొలంలో ఒకావిడ మంచు మీద గుడ్డ ఈడుస్తూ అంతా నాకే, అంతా నాకే అంటోంది. వాడు ఊరికే సరదాకు "అందులో సగం నాకు" అన్నాడు. ఇంటికెళ్ళి చూస్తే గిన్నెలు చాలనన్ని పాలు. అమ్మాయి అడిగింది: "మరి వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదా అమ్మా?" ఎవరూ అనలేదు. చాలా చోట్ల కథ అక్కడితో అయిపోతుంది, వాడు అదృష్టవంతుడు.

ఈలోగా నెయ్యి కాస్త ఎర్రబడింది. వాసన బాగుంది.

ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, పెద్దావిడ జగ్గు తోమి తుడిచి అందులో నెయ్యి వడకట్టాను. చెప్పులేసుకుంటుంటే అమ్మాయి తలుపుకు అడ్డం నిలబడింది. "ఇవాళ వెన్న బయటికి వెళ్ళకూడదు" అంది. ఇది నెయ్యి కదా అన్నాను. ఒప్పుకోలేదు. ఆవిడ కూడా జగ్గు రేపే తెమ్మంది అని చెప్పి నేనూ చెప్పులు విడిచేశాను.

జగ్గు కిటికీ దగ్గర ఉంది, మూత పెట్టి. పన్నెండు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలు. పక్కింట్లో దీపం వెలుగుతూనే ఉంది.