స్కౌట్ పిల్లోళ్లతో అలిపిరి కాడ

మా పాప గైడ్స్‌లో చేరినాక ఆదివారం నిద్ర అనేదే లేదు మాకు. ఈసారి అలిపిరి నడకదారి పక్కన ప్లాస్టిక్ ఏరే సేవ, పెద్దోళ్లు ఎవరైనా తోడు రావాలంటే నేను పోయినా. పెద్ద బాటిళ్లు ఈజీ అబ్బా, అసలు పని షాంపూ ప్యాకెట్లు, కర్పూరం కవర్లు, గుట్కా పేపర్లతోనే, వానకి మట్టిలో సగం దిగబడిపోయి లాగితే సగమే చేతికొస్తాది, మిగతాది పుల్లతో తవ్వాల్సిందే. ఒక బుడ్డోడు గోనెసంచి మూతికి రీఫ్ నాట్ అనే స్కౌట్ ముడి వేసినాడు చూడండి, నేను ఎంత లాగినా ఊడలా, వాడే రెండు కొసలు నెట్టి టక్కున విప్పేసినాడు!

మెట్లెక్కే ఒక అవ్వ పసుపు కుంకుమ పెడతా పెడతా, ఖాళీ కవర్ తెచ్చి పాప సంచిలో ఏసి "నా బంగారు తల్లీ" అనింది.

నన్నడిగితే మొక్కలు నాటే ఫోటోల కంటే ఇదే మేలు, మన తిరపతి ఎండల్లో ఆ మొక్కలకి నీళ్లు పోసేదెవురు? శేషాచలాన్ని 2010లో బయోస్పియర్ రిజర్వ్ (అడవినీ, అందులోని జీవాల్నీ కాపాడే ప్రాంతం) చేసినారు, ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణం కొండల్లోనే, ఉన్న అడవిని కాపాడుకుంటే చాలదా.

మళ్లీ కపిలతీర్థం కాడ అంటున్నారు. పెద్ద సైజు గ్లౌజులు ఎవరి దగ్గరన్నా ఉంటే మెసేజ్ పెట్టండి, ఇచ్చినవన్నీ పిల్లోళ్ల సైజే.