కాయిల్ వేసే ముందు వేయాల్సిన లెక్క

మెదడు ధమనిలో ఉబ్బిన బుడగను పుర్రె తెరవకుండా, తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి ప్లాటినం తీగచుట్టలతో (కాయిల్స్‌తో) నింపుతారు. కోత చిన్నదైనంత మాత్రాన ముప్పు చిన్నదని నేను అనుకోను. తీగ మీద గడ్డకట్టిన రక్తం ముందుకు కొట్టుకుపోతే పక్షవాతం రావచ్చు. చికిత్స జరుగుతుండగానే బుడగ పగలవచ్చు.

ముందస్తు అంచనాలో వయసు, రక్తపోటు, బుడగ ఉన్న చోటు అన్నీ లెక్కకు వస్తాయి గానీ, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బుడగ మెడ, అంటే బుడగ ధమనితో కలిసే చోటు. అది 4 మిల్లీమీటర్లకు మించి వెడల్పుగా ఉంటే చుట్టలు ధమనిలోకి జారే ప్రమాదం ఉంటుంది కనుక తరచూ స్టెంట్ (ధమని లోపల అమర్చే సన్నని లోహపు జాలీ గొట్టం) ఆసరా అవసరమవుతుంది. స్టెంట్ పెడితే రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు మరో మందు నెలల తరబడి వాడాలి, దానితో రక్తస్రావపు భయం (ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టు) ఎదురవుతుంది. 2014లో వచ్చిన ఫేజెస్ స్కోరు, చికిత్స చేయని బుడగ అయిదేళ్లలో పగిలే అవకాశాన్నే చెబుతుంది. చికిత్స తెచ్చే చిక్కులను విడిగా లెక్కించుకోవాలి.