నాన్నతో బబుల్ హోటల్లో మూడు రాత్రులు

మావాడి బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ఈసారి ఓర్లాండోలో అని కోచ్ నుంచి మెయిల్ వచ్చింది. తేదీల కంటే ముందు ఏ గ్రౌండ్లో ఆడిస్తారో చూశాను. డిస్నీ వరల్డ్‌లోని ఈఎస్‌పీఎన్ వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్. 2020 కరోనా వేసవిలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ, తన జట్లని బయటివాళ్లతో కలవనివ్వకుండా ఉంచి ఆడించిన చోటు. 'బబుల్' అన్నది దాన్నే. వెంటనే లేచి పక్క గదిలో ఉన్న నాన్న దగ్గరికి వెళ్లి, "నాన్నా, బబుల్‌కి వెళ్దామా?" అన్నాను. ఆయనకి ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది. చదువుతున్న పేపర్ మడిచి పక్కన పెట్టి "ఎప్పుడు?" అన్నాడు.

2020 ఫిబ్రవరిలో నాన్న రెండు నెలలు ఉండి వెళ్దామని అట్లాంటా వచ్చాడు. చెల్లికి పురుడు దగ్గర పడిందని అమ్మ తెనాలిలోనే ఉండిపోయింది. మార్చి 11 రాత్రి ఓక్లహోమా సిటీలో ఆట మొదలవబోతుండగా, యూటా జాజ్ ఆటగాడు రూడీ గోబేర్‌కి కరోనా అని తేలడంతో ఎన్‌బీఏ సీజన్ మొత్తం ఆపేశారు. ఆ వార్త మేమిద్దరం కలిసే చూశాం. "ఒక్కడికి జబ్బు చేస్తే ఇంత డబ్బున్న లీగు ఆపేశారంటే ఇది మామూలుది కాదురా" అన్నాడు నాన్న. తర్వాత రెండు వారాలు తిరక్కుండానే ఇండియాకి విమానాలు ఆగిపోయాయి. ఇక ఏడు నెలలు ఆయన మా అపార్ట్‌మెంట్‌లో, అమ్మ అక్కడ. మనవరాలు పుడితే వాట్సాప్‌లో చూసుకున్నాడు.

నాన్న ముప్పై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాడు. కబడ్డీ, వాలీబాల్ ఆయన ప్రాణం. బాస్కెట్‌బాల్ అంటే ఆయన స్కూల్లో ఒకే ఒక్క పోస్టు ఉండేది, రింగుకి వల కూడా ఉండేది కాదు. అలాంటి మనిషి ఆ జులైలో ఎన్‌బీఏ మళ్లీ మొదలవుతుందని తెలిసి, రూల్స్ అన్నీ మనవడి దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. జులై 30న మొదటి ఆట నుంచి అక్టోబర్ 11న లేకర్స్ జట్టు టైటిల్ గెలిచేదాకా మా ఇంట్లో టీవీ ముందు ఆయన కుర్చీ కదల్లేదు. ఆ తర్వాత వారానికి వందే భారత్ విమానంలో సీటు దొరికి వెళ్లిపోయాడు.

కాబట్టి మాకు ఈ ప్రయాణం టోర్నమెంట్ కోసం మాత్రమే కాదు.

అట్లాంటా నుంచి ఓర్లాండోకి కారులో ఏడు గంటలు పడుతుంది. పొద్దున్నే నాలుగింటికి బయల్దేరాం. జార్జియా దాటేదాకా మావాడు నిద్ర, నాన్న మాత్రం ముందు సీట్లో కూర్చుని పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని దారంతా అవే కబుర్లు. హోటల్‌గా కావాలనే కొరొనాడో స్ప్రింగ్స్ తీసుకున్నాను. అక్కడి గ్రాన్ డెస్టినో టవర్‌లోనే ఆ వేసవిలో పై వరుసలో ఉన్న 8 జట్లని పెట్టారు. లేకర్స్, క్లిప్పర్స్, బక్స్, సెల్టిక్స్, రాప్టర్స్, హీట్, నగ్గెట్స్, జాజ్. తర్వాతి 8 జట్లు గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో, చివరి 6 యాట్ క్లబ్‌లో. మార్కుల్ని బట్టి బెంచీలు కేటాయించినట్టు, పాయింట్ల పట్టికని బట్టి హోటళ్లు.

15 అంతస్తుల టవర్ అది, 2019లోనే కట్టారు, స్పెయిన్ ఛాయలున్న డిజైన్. లాబీ బాగుంది, కాదనను. కానీ గదిలోకి వెళ్లాక నాకు ఒక్కసారిగా ఏదోలా అనిపించింది. రెండు మంచాలు, ఒక బల్ల, ఒక సోఫా, ఒక కిటికీ. అంతే. మన ఊళ్లలో బాగా డబ్బున్నవాళ్ల పెళ్లికి వెళ్తే ఇచ్చే గది లాంటిదే. ఏళ్ల తరబడి మనసులో పెట్టుకున్న బబుల్ ఇదా అనిపించింది. నాన్న చెప్పులు విప్పి, గోడ నుంచి గోడకి అడుగులు వేసి లెక్కపెట్టాడు. "ఏడడుగుల మనుషుల్ని ఇందులో 48 గంటలు బయటికి రాకుండా కూర్చోబెట్టారా" అన్నాడు. అవును, వచ్చిన రోజు నుంచి రెండు టెస్టులు నెగటివ్ వచ్చేదాకా ఎవరూ గది దాటకూడదు, తిండి తలుపు దగ్గర డబ్బాల్లో పెట్టి వెళ్లేవారు. ఆ డబ్బాల ఫోటోలు ఆటగాళ్లు పోస్ట్ చేస్తుంటే అప్పట్లో కోట్లు సంపాదించేవాళ్లకి ఇదేం కష్టం అనుకున్నాను. ఆ గదిలో నిలబడ్డాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. నాకు ఆ వేసవిలో కనీసం పిల్లలు పక్కనే ఉన్నారు.

సాయంత్రం చెరువు చుట్టూ నడిచాం. లాగో డొరాడో అంటారు దాన్ని. చెరువు మధ్యలో మూడు వంతెనలు కలిసేచోట ఒక రెస్టారెంట్ ఉంది. ఆటలు లేనప్పుడు వాళ్లు చేపలు పట్టుకుంటూ గడిపింది ఇలాంటి గట్ల మీదే, క్లిప్పర్స్ ఆటగాడు పాల్ జార్జ్‌కి చేపల పిచ్చి బాగా ఉందని అప్పుడే తెలిసింది. అదే పాల్ జార్జ్ కొన్ని వారాలకి ఆట బాగా దెబ్బతిని, తనకి ఆందోళన, దిగులు పట్టుకున్నాయని, ఇక్కడ బంధించినట్టుందని బయటికే చెప్పాడు. ఒక పెద్ద ఆటగాడు అలా చెప్పడం నాకు ధైర్యంగా అనిపించింది. నాన్నకి మాత్రం అందులో ఆశ్చర్యమేమీ కనపడలేదు. జోనల్ మీట్లకి పిల్లల్ని తీసుకెళ్లి ఏదో ఊరి స్కూల్లో జంపఖానాలు పరిచి పడుకోబెట్టేవాడు కదా, ఆయన లెక్క వేరు. "మొదటి రెండు రోజులు సంబరంగా ఉంటుందిరా. మూడో రోజు రాత్రి ఒకడు మొదలుపెడతాడు, అమ్మ గుర్తొస్తోందని. వాడిని చూసి ఇంకొకడు. కబడ్డీ బాగా ఆడేవాడే ముందు ఏడుస్తాడు" అన్నాడు. కుటుంబాలని లోపలికి రానిచ్చింది మొదటి రౌండ్ అయ్యాక, ఆగస్టు చివర్లో. అంటే జులై మొదటివారం నుంచి దాదాపు ఎనిమిది వారాలు. అది ముందే చేసి ఉండాల్సిందని నాన్న ఇప్పటికీ అంటాడు, నేనూ అదే అంటాను.

నాన్న వేసిన ఇంకో ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. "మరి వంటవాళ్లు ఎక్కడ పడుకున్నారు?" మీట్లకి ఆయన వంట మనిషిని కూడా వెంట తీసుకెళ్లేవాడు, అతనికీ జంపఖానా పరిచేవాడు. ఇక్కడ అలా కాదు, హోటల్లో పనిచేసేవాళ్లు రోజూ తమ ఇళ్ల నుంచే వచ్చి వెళ్లేవాళ్లు. ఆటగాళ్లకి రోజూ టెస్టులు, చేతికి బ్యాండ్, కావాలంటే వేలికి ఒంటి వేడి చూసే ఉంగరం, ఇన్ని కాపలాలున్నా గోడ మాత్రం అక్కడ తెరిచే ఉంది. మాస్కులు వేసుకుని, ఆటగాళ్లకి ఎదురుపడకుండా దూరంగా మసలుతూ వాళ్లు పని చేశారు. బయట ఫ్లోరిడాలో జులై 12న ఒక్కరోజే 15 వేలకు పైగా కేసులు వచ్చాయి. అలాంటి చోట, క్వారంటైన్ దాటి లోపలికి వచ్చాక ఒక్క ఆటగాడికి కూడా పాజిటివ్ రాలేదంటే అందులో సగం గొప్పదనం ఆ పనివాళ్లదే. అదే ఏడాది సెప్టెంబర్ చివర్లో డిస్నీ 28 వేల మంది పార్కుల ఉద్యోగుల్ని తీసేస్తున్నట్టు చెప్పింది. ఫైనల్స్ మొదలైన వారం అది. ఆ రెండు వార్తలూ పక్కపక్కన చదివిన రోజు నాకు బాగా గుర్తుంది.

రెండో రోజు పొద్దున గ్రాండ్ ఫ్లోరిడియన్‌కి వెళ్లాం, బస్సెక్కి మ్యాజిక్ కింగ్‌డమ్ దాకా, అక్కడి నుంచి మోనోరైలు. తెల్ల గోడలు, ఎర్ర కప్పులు, నీళ్ల ఒడ్డున. సిక్సర్స్, రాకెట్స్, మావెరిక్స్ ఇక్కడే ఉన్నారు. బాగుంది, అంతకంటే చెప్పడానికి లేదు, ఆ రోజు జనం విపరీతంగా ఉన్నారు. కానీ ఆ మోనోరైల్లో కూర్చుని ఎంతసేపు చూసినా అయిపోని ఆ స్థలం చూశాక, అసలు ఈ ఏర్పాటు ఇక్కడే ఎందుకు కుదిరిందో అర్థమైంది. డిస్నీ వరల్డ్ దాదాపు 43 చదరపు మైళ్లు. హోటళ్లు వాళ్లవే, బస్సులు వాళ్లవే, గ్రౌండ్లు వాళ్లవే, ఆటల్ని చూపించే ఈఎస్‌పీఎన్, ఏబీసీ ఛానళ్లూ వాళ్లవే. పార్కులు మార్చి నుంచి మూతబడి గదులన్నీ ఖాళీగా ఉన్నాయి. అవతల ఎన్‌బీఏకి సీజన్ ముగించకపోతే టీవీ డబ్బులు పోతాయి. ఇద్దరి అవసరం ఒకచోట కలిసింది.

ఇంకో లీగు కూడా అప్పుడే ఇక్కడ ఆడింది, ఎంఎల్ఎస్ అనే అమెరికా ఫుట్‌బాల్ (సాకర్) లీగు. స్వాన్, డాల్ఫిన్ అని జంట హోటళ్లు, అందులో దిగారు. వాళ్లకి మొదట్లోనే దెబ్బ తగిలింది, వచ్చీ రాగానే కేసులు బయటపడి డల్లాస్, నాష్‌విల్ జట్లు ఆడకుండానే వెనక్కి వెళ్లిపోయాయి. అయినా మిగతా 24 జట్లతో టోర్నమెంట్ నడిపి, ఆగస్టు 11న పోర్ట్‌లాండ్ గెలిచేదాకా ఆపలేదు. ఫ్లోరిడా ఎండకి భయపడి కొన్ని ఆటలు పొద్దున తొమ్మిదికే పెట్టారు. ఆ ఎండ ఏమిటో మాకు మధ్యాహ్నానికే తెలిసొచ్చింది, ఆ వెంటనే ఉరుములు, మెరుపులు, అరగంట వాన, మళ్లీ ఎండ.

మన దగ్గర 2021లో ఐపీఎల్ ఏమైందో గుర్తుందిగా. చెన్నై, ముంబైలో మొదలుపెట్టి అహ్మదాబాద్, ఢిల్లీకి మార్చాక బయో బబుల్ చిల్లు పడింది, మన సన్‌రైజర్స్‌లో సాహాకి కూడా పాజిటివ్ వచ్చింది, మే 4న ఆపేశారు. ఊళ్లు తిరిగితే బబుల్ నిలవదు. ఇది అర్థం చేసుకున్నది ప్రో కబడ్డీ వాళ్లు. ఆ డిసెంబర్‌లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లోనే మ్యాట్ వేసి, జనం లేకుండా సీజన్ మొత్తం ఆడించారు. మన తెలుగు టైటాన్స్ ఆ సీజన్లో ఒక్క ఆటే గెలిచారు. నాన్న అన్నీ చూశాడు.

సరే, వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్. హోటల్ నుంచి కారులో పదిపన్నెండు నిమిషాలు. మావాడి మొదటి ఆట పక్కనున్న వేరే హాల్లో, రెండోది అడ్వెంట్‌హెల్త్ అరీనాలో, అంటే 2020లో ఫైనల్స్ ఆడిన హాల్లో. లోపలికి అడుగుపెట్టగానే నాన్న ఆగిపోయాడు. ఇప్పుడు అందులో వరసగా చాలా కోర్టులు, అన్నిట్లో పిల్లలు, విజిళ్లు, బూట్ల కీచులు, అమ్మానాన్నల అరుపులు. అప్పుడేమో 17 అడుగుల ఎత్తు తెరలు పెట్టి, ఇళ్లలో కూర్చున్న అభిమానుల మొహాలు వాటిలో చూపించారు. ఆటగాళ్ల మాటలు, బంతి చప్పుడు అన్నీ టీవీలో వినపడేవి. నాన్నకి ఆ శబ్దమే నచ్చింది, స్కూలు గ్రౌండ్లో సాయంత్రం ప్రాక్టీసులా ఉందనేవాడు.

ఫైనల్స్ ఐదో ఆటలో హీట్ ఆటగాడు జిమ్మీ బట్లర్ ఊపిరి ఆడక ప్రకటనల బోర్డు మీదికి వంగి నిలబడ్డాడు కదా, ఆ చోటు ఏ పక్కో వెతికాడు. తెలియలేదు. హోటల్ గదిలో కాఫీ పెట్టి కప్పు 20 డాలర్లకి తోటివాళ్లకి అమ్మిన బట్లర్ కూడా ఇతనేనని మనవడు గుర్తుచేస్తే నాన్న చాలాసేపు నవ్వాడు.

అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడే ఆగస్టు 26 సంగతి వచ్చింది. విస్కాన్సిన్‌లోని కెనోషాలో జేకబ్ బ్లేక్ అనే నల్లజాతి మనిషిని పోలీసు వెనక నుంచి కాల్చాక, అదే రాష్ట్రానికి చెందిన మిల్వాకీ బక్స్ ఆటగాళ్లు ఓర్లాండో మ్యాజిక్ జట్టుతో ఆడాల్సిన ఆటకి లాకర్ రూమ్ నుంచి బయటికి రాలేదు. ఆ రోజు ఆటలన్నీ ఆగిపోయాయి, మళ్లీ మొదలైంది 29న. మా ఇంట్లో టీవీలో ఖాళీ కోర్టు చూపిస్తూనే ఉన్నారు. ఒకే చోట, బయటికి పోలేని చోట ఉన్నారు కాబట్టే అంత త్వరగా అందరూ ఒక్క మాట మీదికి రాగలిగారని నాకు అనిపిస్తుంది. వేర్వేరు ఊళ్లలో ఉండుంటే ఫోన్లలోనే వారం గడిచేది. నాన్న అన్నది ఇంతే, "ఆడనన్నవాడి బాధ ఆడమన్నవాడు వినాలి." ఒకసారి మీట్‌లో ఆయన జట్టులో ఒక కుర్రాడిని కులం పేరుతో తిట్టారని, ఫైనల్ ఆడించకుండా పిల్లలందర్నీ బస్సెక్కించి తీసుకొచ్చేశాడట. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు చెప్పడం అదే మొదటిసారి. నేనేమీ అనలేకపోయాను. మావాడు మాత్రం వార్మప్ మానేసి వచ్చి తాతయ్య పక్కన కూర్చుని, ఆ కుర్రాడి పేరేంటని అడిగాడు. నాన్న చెప్పాడు. ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా చెప్పాడు.

ఆ ఆట నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఫౌల్‌కి దొరికే ఫ్రీ త్రోలు బుట్టలో వేయలేకపోయారు. రాత్రి హోటల్ వెనక చెరువు గట్టున నాన్న మనవడితో మోచెయ్యి ఎలా పెట్టాలో గాల్లో చూపిస్తూ పాతికసార్లు చేయించాడు.

పది దాటాక తెనాలిలో తెల్లవారింది. 2020లో ఆట అయ్యాక రోజూ ఇదే వేళకి అమ్మకి ఫోన్ చేసేవాడు, స్కోరుతో సహా చెప్పేవాడు, ఆవిడకి ఏమీ అర్థం కాకపోయినా వినేది. ఇప్పుడు వీడియో కాల్ చేసి, ఫోన్ తిప్పి వంతెన, టవర్, నీళ్లలో దీపాలు చూపించాడు. "అప్పుడు చెప్పేవాణ్ణి కదా, వాళ్లందర్నీ ఉంచిన చోటు. ఇదే."

"చీకట్లో ఏం కనపడుతుందండీ, పొద్దున చెయ్యండి" అంది అమ్మ. "మీరు రాత్రి మందు వేసుకున్నారా?"