పిల్లి నడక, గడియారం నడక

కంప్యూటర్ లెక్క ప్రకారం ఈ రోజు 2004 జనవరి 1, గురువారం. మా ఇంట్లో మాత్రం ఆదివారం.

అక్క కూతురు సెలవులకి వచ్చి మూడు రోజులైంది. ఆరో తరగతి. స్కూల్లో స్క్రాచ్ నేర్పుతున్నారట, అంటే రంగు బ్లాకుల్ని ఒకదానికొకటి తగిలించి ప్రోగ్రాములు కట్టే పిల్లల సాఫ్ట్‌వేర్, తను చేసిన ఆట పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మరీ వచ్చింది. నా ల్యాప్‌టాప్ నాకే చాలదు. ఫోన్‌లో ఆ బ్లాకుల్ని వేలితో లాగుతుంటే ఒకటి పట్టుకోబోతే ఇంకోటి వస్తుంది. రెండు రోజులు ఆ గోల విన్నాక అటక మీదున్న నా పాత డెస్క్‌టాప్ గుర్తొచ్చింది. పెంటియమ్ 4, 512 ఎంబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. ఆఖరిసారి ఎప్పుడు ఆన్ చేశానో గుర్తు లేదు. పారేయడానికి మనసొప్పక దాచుకున్న వాటిలో అదొకటి.

దించి, మూత తీసి, దుమ్ము దులిపి స్విచ్ వేస్తే తెర మీద ఏమీ రాలేదు. పొడవాటి బీపులు మాత్రం వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. ఈ భాష నాకు తెలుసు. ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, మళ్లీ గట్టిగా నొక్కి పెట్టాను.

"రబ్బరుతో కంప్యూటర్ బాగవుతుందా పిన్నీ?"

బాగైంది. నిజం చెప్పాలంటే హార్డ్‌వేర్‌లో నాకు ఇంతకు మించి ఏ రిపేరూ రాదు. అటక మీదే ఉన్న ఇంకో చచ్చిపోయిన సిస్టమ్‌లోంచి మరో 512 ఎంబీ ముక్క పీకి పక్క స్లాట్‌లో పెడితే, మొత్తం 1 జీబీ.

ఎక్స్‌పీ లేచింది, కుడివైపు మూల గడియారం 2004 అంటోంది. మదర్‌బోర్డు మీద బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, కరెంటు తీయగానే తారీఖు మర్చిపోతుంది. తారీఖే కదా అనుకుంటాం గానీ, అది తప్పైతే ఇంటర్నెట్ దాదాపు మూతపడినట్టే. ప్రతి సైటూ, తను నకిలీది కాదని చెప్పే సర్టిఫికెట్ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని చూపిస్తుంది. 2004లో కూర్చున్న కంప్యూటర్‌కి అవన్నీ ఇంకా పుట్టని సర్టిఫికెట్లు. బరువు చూసుకునే మిషన్‌లో ఇదే బ్యాటరీ ఉంటుందని గుర్తొచ్చి, దాన్ని తీసి ఇందులో వేశాను. కొన్నాళ్లు బరువు చూసుకోకపోతే ప్రాణానికి హాయి కూడా.

తారీఖు సరిచేశాక కూడా స్క్రాచ్ తెరుచుకోలేదు. అందులో ఉన్నది క్రోమ్ 49, ఎక్స్‌పీకి వచ్చిన ఆఖరి క్రోమ్, 2016 నాటిది. ఇప్పటి స్క్రాచ్ 3కి క్రోమ్ 63 అయినా ఉండాలి, లేదా ఫైర్‌ఫాక్స్ 57. ఎక్స్‌పీలో ఫైర్‌ఫాక్స్ 52 దగ్గరే ఆగిపోయింది. అంటే ఎక్స్‌పీ ఉన్నంతసేపు ఆ తలుపు తెరుచుకోదు.

సరే, కొత్తది రాకపోతే పాతదే పెడదాం అనుకున్నాను. ల్యాప్‌టాప్‌లో స్క్రాచ్ 1.4 దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేశాను. 2009 నాటిది. నొక్కిన నాలుగైదు సెకన్లలో స్క్రాచ్‌కి గుర్తులాంటి నారింజ రంగు పిల్లి ప్రత్యక్షం. ఎడమవైపు బ్లాకులు, కుడివైపు బొమ్మలు ఆడే స్టేజీ, ఆట మొదలుపెట్టే పచ్చజెండా. పిల్లి ఇంత చురుగ్గా నడవడం చూసి నాకే ముచ్చటేసింది.

మేడమ్‌గారికి నచ్చలేదు. "ఇది మా స్క్రాచ్ కాదు పిన్నీ" అంది, చేతులు కట్టుకుని. తన ఫైలు స్క్రాచ్ 3 వాడే ఎస్‌బీ3 రకం, పాతదానికి అది అర్థం కాదు. కొత్తది పాత ఫైళ్లని చదువుకుంటుంది, పాతది కొత్తవాటిని చదవలేదు, అంతే. పోనీ మళ్లీ కట్టుకుందాం అంటే, ఆకాశం నుంచి రాలే నక్షత్రాలకి తను క్లోన్లు వాడింది, అంటే ఆట నడుస్తుండగా ఒకే బొమ్మ నుంచి పుట్టే నకళ్లు. 1.4లో క్లోన్లే లేవు. సొంత బ్లాకులూ లేవు. అవన్నీ 2013లో 2.0తో వచ్చాయి. ఒక నక్షత్రాన్ని పదిసార్లు కాపీ చేసి పది స్ప్రైట్లు, అంటే విడి విడి బొమ్మలు, పెట్టొచ్చు కదా అన్నాను. ఒక చూపు చూసింది. ఆ వయసులో నన్నెవరైనా రాసిన నోట్సే మళ్లీ రాయమంటే నేనూ అలాగే చూసేదాన్ని.

ఆ చూపు వల్లే మధ్యాహ్నమంతా విండోస్ బదులు లినక్స్ ఎక్కించడంతో గడిచింది. యాంటిఎక్స్ అని, పాత సిస్టమ్‌ల కోసం చేసిన తేలికపాటి లినక్స్ ఒకటుంది, దాంట్లో 32-బిట్ రకం డీవీడీకి రాసి ఎక్కించాను. పెన్‌డ్రైవ్‌తో బూట్ అవడం, కంప్యూటర్‌ని మొదట లేపే ఈ పాత బయోస్‌కి చేతకాదు మరి. ఇదే పెంటియమ్ 3 అయ్యుంటే ఇక్కడితో దణ్ణం పెట్టేసేదాన్ని. ఎస్ఎస్ఈ2 అనే సూచనల సెట్ లేని ప్రాసెసర్ మీద స్క్రాచ్ 3కి సరిపోయే ఫైర్‌ఫాక్స్ నడవదు, ఆ సెట్ పెంటియమ్ 4తోనే మొదలైంది. అదృష్టం ఒక్క అంకె తేడాలో ఉంది.

ఫైర్‌ఫాక్స్‌లో స్క్రాచ్ తెరిచాను. వెబ్‌జీఎల్ లేదని మొరాయించింది. స్టేజీ మీద బొమ్మలన్నీ ఇప్పుడు దాంతోనే గీస్తున్నారు, దానికి గ్రాఫిక్స్ చిప్ సాయం కావాలి, ఈ బోర్డు మీదున్న చిప్‌కి ఆ ఊసే తెలియదు. సెట్టింగుల్లోకి వెళ్లి బలవంతాన ఆన్ చేస్తే, ఆ గీసే పని కూడా ప్రాసెసర్ నెత్తినే పడింది. పేజీ పూర్తిగా రావడానికి 2 నిమిషాల 40 సెకన్లు. వచ్చింది మాత్రం అదే పిల్లి. పొద్దున 1.4లో నాలుగైదు సెకన్లలో వచ్చిన పిల్లి.

ఇక్కడ కాసేపు నా పాత రోజులు చెప్పుకుంటాను. నేను ప్రోగ్రామింగ్ మొదట నేర్చింది లోగో అనే పిల్లల భాషలో. ఎఫ్‌డీ 100 (వంద అడుగులు ముందుకి), ఆర్‌టీ 90 (కుడికి 90 డిగ్రీలు), ఇలా నాలుగుసార్లు అంటే తెర మీది తాబేలు తిరిగి తిరిగి చతురస్రం గీసేది. సీమోర్ పాపర్ట్, ఆయన సహచరులు 1967లో లోగోని తయారుచేశారు. 1980లలో అది 64 కేబీ మెమరీ ఉన్న ఆపిల్ 2 మీద నడిచింది. మా డెస్క్‌టాప్ 1 జీబీ అంటే దానికి 16,384 రెట్లు. పిల్లి పది అడుగులు వేయడానికీ, తాబేలు వంద అడుగులు వేయడానికీ ఆలోచనలో ఏ తేడా లేదు. స్క్రాచ్ 1.4ని స్క్వీక్ మీద కట్టారు, అది స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక రకం. 2.0ని ఫ్లాష్ మీద కట్టారు, 2020 చివర్లో ఫ్లాష్‌కే నీళ్లొదిలారు. 2019 జనవరిలో వచ్చిన 3ని జావాస్క్రిప్ట్‌లో కొత్తగా రాశారు, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా ట్యాబ్లెట్ మీద కూడా తెరుచుకోవాలని. పిల్లి బరువు పెరగలేదు, అది కూర్చున్న పల్లకీ బరువు పెరిగింది. తిట్టుకుంటున్నాను గానీ, ఆ పల్లకీ లేకపోతే ఈ పిల్ల ఆట స్కూల్లోనూ ఫోన్‌లోనూ ఒకేలా తెరుచుకునేది కాదు.

తన ఫైలు తెరవగానే మొత్తం స్తంభించింది. మౌసు బాణం కూడా కదల్లేదు. ల్యాప్‌టాప్‌లో ఆ ఎస్‌బీ3 పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూశాను. లోపల ఉండేది మామూలు జిప్పే, బ్లాకులన్నీ రాసి ఉన్న ఒక జేసన్ ఫైలు, పక్కన బొమ్మలు, శబ్దాలు. శబ్దాల్లో ఒక పూర్తి పాట ఉంది. నాలుగు నిమిషాలు, ఎంపీ3గా 4 ఎంబీ కూడా లేదు. కానీ వాయించాలంటే బ్రౌజర్ దాన్ని విప్పాలి. సెకనుకి 44,100 నమూనాలు, రెండు స్పీకర్లకీ విడివిడిగా, ఒక్కో నమూనాకి 4 బైట్లు, అలా 240 సెకన్లు. ఫోన్‌లో లెక్క కడితే దాదాపు 85 ఎంబీ తేలింది.

"ఒక్క పాటకే?" అంది తను, అంకె చూసి.

"ఆటలో పాట ఎంతసేపు వినపడుతుంది?"

"ఒక్క నిమిషమే. ఆట అంతే."

తనే కూర్చుని పాటలో పది సెకన్ల ముక్క కత్తిరించింది, అది మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టుకుంది. 85 కాస్తా 3.5 ఎంబీ అయింది. ఈసారి ఆట తెరుచుకుంది. పచ్చజెండా నొక్కాం.

నక్షత్రాలు నత్తనడకన దిగుతున్నాయి. పిల్లి బురదలో నడుస్తున్నట్టు నడుస్తోంది. అదొక్కటే అయితే పోనీ అనుకునేదాన్ని. ఆటకి 60 సెకన్ల గడువు పెట్టుకుంది, ఆ 60 సెకన్లు మాత్రం మామూలు గడియారంలా పరుగెత్తుతున్నాయి. స్కూల్లో నలభై పట్టే పిల్ల ఇక్కడ ఎనిమిది పట్టేసరికి టైమైపోయింది. రెండోసారి తొమ్మిది. కళ్లలో నీళ్లు తిరిగేలా ఉన్నాయి, పైకి మాత్రం "నీ కంప్యూటర్ మోసం చేస్తోంది" అంది.

మోసం ఎక్కడుందో వెతుకుదాం అన్నాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక్క నక్షత్రాన్ని పైనుంచి కిందదాకా కొలిచాం. సరిగ్గా 10 సెకన్లు. తన బ్లాకుల్లో చూస్తే నక్షత్రం 180 ఎత్తులో పుట్టి మైనస్ 170 దగ్గర మాయమవుతుంది, ప్రతిసారీ 5 చొప్పున దిగుతుంది. 350ని 5తో భాగిస్తే 70 అడుగులు. స్క్రాచ్ సెకనుకి 30 సార్లు తెర గీస్తుంది, గీసినప్పుడల్లా లూప్ ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి స్కూల్లో 70 అడుగులకి 2.3 సెకన్లు. ఇక్కడ 10 సెకన్లు పట్టిందంటే మా ముసలి ప్రాసెసర్ సెకనుకి 7 సార్లే గీయగలుగుతోంది.

"మరి కొత్త నక్షత్రం ఎప్పుడు పుడుతుంది?"

"వెయిట్ 1 సెకండ్" అని చదివింది. చదివి ఆగిపోయింది. "అది నిజం సెకనా?"

నిజం సెకనే. వెయిట్ గడియారాన్ని చూస్తుంది, దిగడం తెరని చూస్తుంది. ఆటలో సగం ఒక కాలంలో, సగం ఇంకో కాలంలో నడుస్తోంది. స్కూల్లో ఒక నక్షత్రం దిగేలోపు రెండో మూడో పుడతాయి. ఇక్కడ పది పుడుతున్నాయి. పది గీయాలి కాబట్టి ఇంకా నెమ్మదిస్తోంది. స్కూల్ కంప్యూటర్లు సెకనుకి 30 సార్లు గీసేస్తుంటే ఈ సంగతి జన్మలో బయటపడదు. వాళ్ల మిస్‌కి కూడా కనపడి ఉండదు, ఆవిడ తప్పేం లేదు.

5 అంటే తెర గీసినప్పుడల్లా 5. సెకనుకి ఎంత అని అడిగాను. వేళ్ల మీద లెక్క పెట్టి 150 అంది. అయితే సెకనుకి 150 దిగాలి అని చెబుదాం, ఎన్నిసార్లు గీస్తుందో దాని ఖర్మ. టైమర్ బ్లాక్‌తో కిందటి చుట్టుకీ ఈ చుట్టుకీ మధ్య ఎంత గడిచిందో ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, దాన్ని మైనస్ 150తో గుణించి దించాలి. పేరు పెట్టడం దగ్గరే చాలాసేపు ఆగాం. నేను డీటీ (డెల్టా టైమ్, అంటే మధ్యలో గడిచిన కాలం) అన్నాను, అందరూ అదే అంటారు. తను "గ్యాప్" అని పెట్టింది. గ్యాపే బాగుంది.

మొదట ఆ లెక్కని ప్రతి నక్షత్రంలోనూ పెట్టింది. ఒక నక్షత్రం గ్యాప్ లెక్కేసి సమయం రాసేస్తే, దాని తర్వాతి నక్షత్రానికి మిగిలేది దాదాపు సున్నా. ఒకటి దిగుతుంటే మిగతావన్నీ గాల్లో నిలబడి చూశాయి. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ లెక్కని తీసి స్టేజీకి ఇచ్చి, ఒక చుట్టుకి ఒక్కసారే చేయించాక కుదిరింది. నక్షత్రాలు నున్నగా జారడం లేదు, ఒక్కో గెంతుకి 20 పాయింట్లు దాకా గెంతుతున్నాయి. కానీ టైముకి దిగుతున్నాయి. స్టాప్‌వాచ్‌లో రెండున్నర సెకన్ల లోపే.

సాయంత్రం అదే ఫైలు నా ల్యాప్‌టాప్‌లోనూ తెరిచి, రెండింటి మీదా జెండా ఒకేసారి నొక్కాం. పక్కపక్కనే రెండు ఆకాశాలు, ఒకటి పట్టులా జారుతోంది, ఇంకోటి కప్పగంతులేస్తోంది, నేల మాత్రం ఒకేసారి తాకుతున్నాయి. నేను గర్వంగా వెనక్కి వాలాను.

తను అటూ ఇటూ చూసి, రెండు కీబోర్డుల మీదా కుడి బాణం ఒకేసారి నొక్కి పట్టుకుంది. ల్యాప్‌టాప్ పిల్లి రివ్వున అంచుకి చేరింది. డెస్క్‌టాప్ పిల్లి ఇంకా మధ్యలోనే ఉంది.

"పిన్నీ, పిల్లికి గ్యాప్ పెట్టలేదు" అని, మోచేత్తో నన్ను పక్కకి నెట్టి మౌసు లాక్కుంది.