పదమూడో ఎక్కం చెప్పుకుంటూ నేర్చుకున్న వ్యాయామం

46వ ఏట గ్రూప్ ఫిట్‌నెస్ క్లాసులో చేరే ముందు నేను అడిగిన ప్రశ్నలన్నీ బట్టలు, బూట్లు, వేళల గురించినవే. ఎంత గట్టిగా చేయాలన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆ సంగతి ట్రైనర్ చూసుకుంటారని, ఆవిడ గెంతినప్పుడు గెంతి, వంగినప్పుడు వంగితే నా పని అయిపోతుందని నమ్మాను.

మొదటి రోజు 45 నిమిషాల క్లాసులో వార్మప్ హాయిగానే సాగింది. ఆ తరువాత పాట వేగం పెరిగింది, నా ముందు వరుసలో ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లు గెంతుతూ కాళ్లు చేతులు చాపి ముడిచే జంపింగ్ జాక్స్ మొదలుపెట్టారు, నేను వాళ్ల వీపులనే కొలబద్దగా పెట్టుకుని ఒక్క అడుగు కూడా వదలకుండా చేశాను. బృందంలో బలహీనుడైన మనిషి ఒంటరిగా ఉన్నప్పటికన్నా ఎక్కువ కష్టపడతాడని జర్మన్ మనస్తత్వవేత్త ఒట్టో కోలర్ 1920లలోనే పడవల క్లబ్బు సభ్యుల చేత బరువులెత్తించి గమనించాడట. ఆ సంగతి తరువాతెప్పుడో చదివి, ఆ బలహీనుడి స్థానంలో నన్ను నేను సులభంగానే గుర్తుపట్టాను. చివరి పాట అయిపోగానే, ఒంటిని మెల్లగా నెమ్మదింపజేసే కూల్‌డౌన్‌కు ఆగకుండా పక్కకు వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాను. క్షణంలో కళ్లు చీకట్లు కమ్మాయి. కదులుతున్నంతసేపు కాళ్ల కండరాలు రక్తాన్ని గుండె వైపు నెడుతూ ఉంటాయి కనుక, ఒక్కసారిగా ఆగిపోతే అది కాళ్లలోనే కొంత నిలిచిపోయి తల తిరుగుతుందని ట్రైనర్ నన్ను నెమ్మదిగా నడిపిస్తూ చెప్పారు.

మరునాడు నొప్పి అంతగా తెలియలేదు. అలవాటు లేని శ్రమ తాలూకు నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుందన్న విషయం రెండో రోజు ఉదయం మెట్ల దగ్గర అనుభవానికి వచ్చింది. ఎక్కడం ఎలాగో అయింది గాని, దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. తొమ్మిది రోజులు క్లాసు మానేశాను. ఈ మధ్యలో చేసిన ఒకే ఒక్క మంచి పని డాక్టరుకు చూపించుకోవడం. చేరకముందే చేయవలసిన పని అది.

తిరిగి వెళ్లేటప్పుడు చేతికి గుండె వేగం చూపే గడియారం పెట్టుకుని, లెక్క వేసుకుని మరీ వెళ్లాను. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం 174. మధ్యస్థ శ్రమ అంటే అందులో 64 నుంచి 76 శాతం, అంటే నిమిషానికి సుమారు 111 నుంచి 132. అంతకు మించితే తీవ్ర శ్రమ. లెక్క బాగానే కుదిరింది గాని నాకే కుదరలేదు. ప్రతి అర నిమిషానికి మణికట్టు చూసుకుంటూ అడుగులు తప్పాను. చేతులు జోరుగా ఊపేటప్పుడు గడియారం ఒకసారి 98 అని, వెంటనే 151 అని చూపేది. పైగా ఆ 174 అనేది నా వయసువాళ్ల సగటు మాత్రమే, ఒక మనిషి అసలు గరిష్ఠ వేగం దానికి పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికైతే ఆ మందే గుండె వేగాన్ని తగ్గిస్తుంది కనుక ఈ లెక్క అసలు పనికిరాదు.

నన్ను దారికి తెచ్చింది ట్రైనర్ చెప్పిన మరీ సాదా పరీక్ష: పాట పాడగలిగితే శ్రమ చాలదు, మాట్లాడగలిగి పాడలేకపోతే మధ్యస్థం, నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రం. ఆ హోరులో ఎవరితో మాట్లాడతాం? అందుకని నేను పెదవుల కిందే పదమూడో ఎక్కం చెప్పుకోవడం మొదలుపెట్టాను. పదమూడు రెళ్లు ఇరవై ఆరు, పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది అని రెండు మూడు వరుసలు ఒక్క ఊపిరిలో వెళ్తే సరైన చోటే ఉన్నట్టు, వరుస మధ్యలోనే గాలి పీల్చుకోవలసి వస్తే వేగం తగ్గించవలసినట్టు. స్వీడన్ మనస్తత్వవేత్త గునార్ బోర్గ్ మనిషి తన శ్రమను తానే అంచనా వేసుకోవడానికి 6 నుంచి 20 వరకు ఒక కొలమానం ఇచ్చాడు, అందులో 13 అంటే కొంచెం కష్టం. అంకె వేసుకోవడం నాకు పట్టుబడలేదు. ఎక్కం మాత్రం అబద్ధమాడలేదు.

తగ్గించాలని తెలిసినా ఎలా తగ్గించాలో తెలియడానికి మరికొన్ని క్లాసులు పట్టింది. మొదట్లో గెంతడం ఒక్కటే మానేసి, ఆయాసం ఎందుకు తగ్గడం లేదా అని ఆశ్చర్యపోయాను. పక్కన చేసే పెద్దావిడ ఒకరోజు నా అవస్థ చూసి, "చేతులు తల పైకెత్తడం మానెయ్యమ్మా, సగం ఆయాసం అక్కడే పోతుంది" అన్నారు. సగం కాకపోయినా చాలావరకు పోయింది. అప్పుడు అర్థమైనదేమిటంటే, గెంతకపోవడం వల్ల కీళ్ల మీద పడే తాకిడి తగ్గుతుందే తప్ప శ్రమ తగ్గి తీరాలని లేదు. ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉంచినా, గుంజీళ్లలాంటి స్క్వాట్లు లోతుగా చేస్తూ, అంగలు పెద్దవిగా వేస్తూ, చేతులు పైకి విసురుతూ పోతే గుండె గెంతినంత వేగంగానూ కొట్టుకోవచ్చు. అలాగే మోకాలు నొప్పిగా ఉన్న రోజున తాకిడిని తగ్గించి శ్రమను నిలబెట్టుకోవచ్చు, నిద్ర చాలని రోజున అడుగులు అవే ఉంచి అంగలను, చేతులను చిన్నవి చేసుకోవచ్చు. ఈ రెండింటినీ విడదీసి చూడటం వచ్చాకే క్లాసు నా చేతికి వచ్చింది.

అయితే నేను జాగ్రత్తకు రుచి మరిగాను. మూడు వారాల పాటు వెనక వరుసలో ఉన్నచోటే అడుగులు వేసే మార్చింగ్ చేస్తూ, పదమూడో ఎక్కం దాటి పంతొమ్మిదో ఎక్కానికి పోయాను. "మీరు ఇప్పుడు పాడగలరు కదా?" అని ట్రైనర్ నవ్వుతూ అడిగితే కాదనలేకపోయాను. అప్పటి నుంచి ప్రతి ఐదు పాటల్లో ఒక్క పాటను పూర్తి జోరుతో చేయడం, రెండు వారాలకు దాన్ని రెండు పాటలకు పెంచడం పద్ధతిగా పెట్టుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలంటుంది. మూడు క్లాసులకు 135 నిమిషాలవుతాయి, మిగిలినది చురుకైన నడకతో పూరిస్తున్నాను. ఐదు నెలల్లో, పొద్దున లేవగానే చూసుకునే నాడి 78 నుంచి 70కి దిగింది.

మొన్న జ్వరం తగ్గి వారం గడిచాక మళ్లీ క్లాసుకు వెళ్లాను. ఎప్పుడూ తేలికగా చేసే రెండో పాటలోనే పదమూడు మూళ్ల దగ్గర ఊపిరి తెగింది. చేతులు దించి, ఆ పాటంతా మార్చింగ్‌తోనే సరిపెట్టాను. పక్కన పెద్దావిడ ఆ రోజు గెంతుతున్నారు.