ఆడియో కాల్‌బ్యాక్‌లో ఒక్క లాగ్ లైన్

మూడు రోజులు ఒక్క టిక్ శబ్దం వెంట పడ్డాను. మైక్‌లో వచ్చే ఆడియోని సర్వర్‌కి పంపాలి, అటునుంచి వచ్చేదాన్ని స్పీకర్లో వినిపించాలి, యాప్ చేసే పని ఇంతే. లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది, పాత ఫోన్లో పెడితే మాత్రం మాట మధ్యలో టిక్ మంటుంది, రెండు నిమిషాలు బానే ఉంటుంది, మళ్ళీ టిక్. నెట్‌వర్క్ అనుకున్నా, కోడెక్ (ఆడియోని కుదించి, మళ్ళీ విప్పే భాగం) అనుకున్నా, మైక్ కూడా మార్చి చూశా. తీరా చూస్తే కాల్‌బ్యాక్ (ఆడియో కావాల్సినప్పుడల్లా సిస్టమ్ పిలిచే ఫంక్షన్) లోపల, ప్రోగ్రామ్ ఏం చేస్తోందో ఫైల్‌లోకి రాసే ఒక్క లాగ్ లైన్!

లెక్క చూడండి. సెకనుకి 48,000 శాంపిల్స్ (శబ్దం కొలతలు), ఒక్కోసారి ఇచ్చే ముక్క, అంటే బఫర్ సైజు 128 శాంపిల్స్ అనుకుంటే మన చేతిలో ఉన్న టైమ్ దాదాపు 2.7 మిల్లీసెకండ్లు. ఆ లోపు బఫర్ నింపి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే సౌండ్ కార్డ్ మనకోసం ఆగదు, ఖాళీనే వాయించేస్తుంది, అదే ఆ టిక్. లాగ్ లైన్ మామూలుగా మైక్రోసెకండ్లలో అయిపోతుంది, అందుకే ప్రొఫైలర్‌లో (ఏ పనికి ఎంత టైమ్ పడుతోందో చూపే టూల్) సగటు చూసినంతసేపూ ఏమీ దొరకలేదు, కానీ ఎప్పుడో ఒకసారి స్టోరేజ్ బిజీగా ఉండి 10 మిల్లీసెకండ్లు పట్టిందంటే వరసగా మూడు బఫర్లు గల్లంతు. సగటుతో ఇక్కడ పనిలేదండీ, అన్నిటికంటే ఎక్కువ టైమ్ ఎంత పట్టింది అన్నదే చూడాలి. మెమరీ అలొకేట్ చేయడం కూడా ఇదే బాపతు. మ్యూటెక్స్ (ఒక డేటాని ఒకేసారి ఒక్క థ్రెడ్ మాత్రమే తాకేలా వేసే లాక్) ఇంకా ఘోరం, లాక్ పట్టుకున్న యూఐ థ్రెడ్‌ని ఓఎస్ పక్కన కూర్చోబెడితే దానికంటే ముఖ్యమైన ఆడియో థ్రెడ్ కూడా దాని కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

ఇప్పుడు కాల్‌బ్యాక్‌లో రింగ్ బఫర్ (చివరికి చేరాక మళ్ళీ మొదటి నుంచి నింపుకునే క్యూ) నుంచి కాపీ చేయడం తప్ప ఇంకేం చేయనివ్వట్లేదు. రాసేది ఒక్క థ్రెడ్, చదివేది ఒక్క థ్రెడ్, రెండు ఇండెక్సులూ అటామిక్ (సగంలో తెగకుండా ఒక్క దెబ్బలో మారేవి), లాక్ అవసరమే లేదు. లాగ్ కావాలన్నా ఒక నంబర్ ఇంకో రింగ్‌లో పడేస్తా, వేరే థ్రెడ్ తీరిగ్గా ఫైల్‌లో రాసుకుంటుంది.

నెట్‌వర్క్ వైపు ఇంకోటి తగిలింది. 16 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనో అంటే 20 మిల్లీసెకండ్లకి 640 బైట్లు. మనం 640 చొప్పున పంపాం కదా అని అటు కూడా 640 చొప్పునే వస్తాయనుకుంటాం, కానీ టీసీపీకి (డేటాని వరస తప్పకుండా బైట్ల ప్రవాహంలా చేరవేసే నెట్‌వర్క్ పద్ధతి) మన ఫ్రేముల గొడవ తెలీదు, 1,000 రావచ్చు, 279 రావచ్చు. బేసి సంఖ్యలో వస్తే చివరి శాంపిల్ సగానికి తెగిందన్నమాట. ఆ మిగిలిన ఒక్క బైట్‌ని దాచిపెట్టి తర్వాత వచ్చేదానికి ముందు అతికించాలి. నా కోడ్ దాన్ని పారేసింది, అంతే, అక్కణ్ణుంచి ప్రతి శాంపిల్‌లో పై బైటూ కింది బైటూ తారుమారై మనిషి గొంతు కాస్తా ఒకటే హోరు. హోరు వినపడితే ముందు బైట్లు లెక్కపెట్టండి, కోడెక్ జోలికి తర్వాత వెళ్ళొచ్చు.

జిట్టర్ బఫర్ (ప్యాకెట్లు ముందూవెనకా వచ్చినా మాట సాఫీగా వినిపించేలా ఆడియోని కాసేపు దాచే చోటు) గురించి అందరూ రాస్తారు కాబట్టి ఎక్కువ చెప్పను. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ళ జీ.114 సిఫార్సులో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకండ్ల లోపు ఉంటే చాలావరకు ఇబ్బంది లేదన్నారు, బఫర్ కూడా ఆ లెక్కలోంచే తీసుకోవాలి, భయపడి 300 పెడితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటారు. మనుషుల మధ్య సంభాషణ అయితే వెబ్‌ఆర్‌టీసీ (లైవ్ కాల్స్ కోసమే ఉన్న టెక్నాలజీ) వాడటమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే టీసీపీలో ఒక్క ప్యాకెట్ పోతే దాని వెనకవన్నీ ఆగాల్సిందే, వెబ్‌ఆర్‌టీసీలో వాడే ఓపస్ కోడెక్ అయితే పోయిన ముక్కని అంచనా వేసి పూడ్చేస్తుంది.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది మాత్రం గడియారాల తేడా. అటువైపుదీ ఇటువైపుదీ రెండు సౌండ్ కార్డులూ 48,000 అనే చెప్తాయి, కానీ వాటి మధ్య పది లక్షలకి 50 తేడా ఉందనుకోండి, సెకనుకి 2.4 శాంపిల్స్. ఇదొక లెక్కా అనిపిస్తుంది, గంటకి 8,640 శాంపిల్స్, అంటే 180 మిల్లీసెకండ్లు! బఫర్ అలా నిండుతూనే పోతుంది, లేదా ఖాళీ అయిపోతుంది, ఐదు నిమిషాల టెస్ట్‌లో ఇది జన్మలో బయటపడదు. బఫర్ మట్టం చూసుకుంటూ రీశాంప్లింగ్ రేషియోని (శాంపిల్ రేట్‌ని మార్చే నిష్పత్తి) చెవికి తెలియనంత కొద్దిగా అటూఇటూ జరుపుతున్నాను.

నిన్న రాత్రి పాత ఫోన్ మీదే మూడు గంటల కాల్ నడిపా. బఫర్ మట్టం 40 మిల్లీసెకండ్లకీ 60కీ మధ్యనే ఊగింది, ఒక్క టిక్ లేదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విన్నా. ఇక మిగిలింది కాల్ మధ్యలో బ్లూటూత్ హెడ్‌సెట్ కనెక్ట్ అయ్యే కేసు, అప్పుడు శాంపిల్ రేట్ ఒక్కసారిగా 16,000కి పడిపోవచ్చు, 48,000 అని నేరుగా రాసేసిన చోట్లన్నీ ఇవాళ కూర్చుని వెతకాలి.