ఒక దుప్పటి, ఎనిమిది చేతులు

ఫోను పైకెత్తానంతే, ఇంకా నొక్కలేదు కూడా. పక్కనున్న పెద్దాయన ఉన్ని గ్లవ్ తొడుక్కున్న చెయ్యి తెచ్చి స్క్రీన్‌కి అడ్డంగా పెట్టేశారు. గుమ్మంలో నిలబడ్డ ఆవిడకి నవ్వుతూ "మెర్రీ క్రిస్మస్" చెప్పి, అట్టపెట్టె లోపల పెట్టి, నా భుజం మీద చెయ్యేసి కారు దాకా నడిపించుకొచ్చారు. బయట మైనస్ ఎనిమిది. నా చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

ఒహాయోలో లేక్ ఈరీకి దగ్గర్లో చిన్న ఊరు మాది. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీర్ని. పోయినేడాది తోటి ఉద్యోగి ఒకాయన లయన్స్ క్లబ్బుకి రమ్మంటే, మామ్మ గుర్తొచ్చి సరేనన్నాను. తణుకు దగ్గర మా ఊళ్లో ఆవిడకి శుక్లం ఆపరేషన్ చేయించింది లయన్స్ వాళ్లే, హైస్కూల్లో పెట్టిన క్యాంపులో. ఈ సంస్థకీ కళ్లకీ ముడిపడింది ఇక్కడి మా ఒహాయో ఊరికి కాస్త దూరంలోనేనని ఇక్కడికొచ్చాకే తెలిసింది. 1925లో సీడార్ పాయింట్‌లో లయన్స్ మహాసభ జరిగితే, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి చూపు లేనివాళ్ల తరఫున నిలబడమని వాళ్లని అడిగింది. జనానికి అది రోలర్ కోస్టర్లు ఎక్కే చోటు. మా క్లబ్బు ముసలివాళ్లకి మాత్రం అది కాశీ.

డిసెంబర్ వచ్చిందంటే క్లబ్బులో అందరికీ చేతినిండా పనే. శుక్రవారం సాయంత్రం చర్చి బేస్‌మెంట్‌లో, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్లకి పంచడానికి నలభై పెట్టెలు సర్దాం. పెట్టెకో హామ్ (పంది తొడ మాంసం), అయిదు పౌండ్ల బంగాళాదుంపలు, బీన్స్ డబ్బాలు, క్రాన్‌బెర్రీ సాస్. పిల్లలున్న ఇళ్లకి బొమ్మలు వేరే నల్ల చెత్తసంచుల్లో కట్టారు. ఇదేం పద్ధతి, శుభమా అని కొత్త బొమ్మలు చెత్తసంచిలోనా అనిపించింది. పైగా బొమ్మలకి రంగు కాగితం చుట్టలేదు, కాగితం చుట్టని అలాగే సంచిలో పడేశారు. అడిగితే ఒకావిడ చెప్పింది: పిల్లల కంట పడకుండా సంచి లోపలికి వెళ్లాలట. రాత్రికి అమ్మానాన్నే కాగితం చుట్టి చెట్టు కింద పెట్టుకుంటారట. బొమ్మ ఇచ్చింది శాంటా అవ్వాలి, లేదంటే నాన్న అవ్వాలి. మేం మాత్రం కాకూడదు. మాకిచ్చిన లిస్టులోనూ పేర్లు లేవు. అడ్రసు, "పెద్దలు ఇద్దరు, పిల్లలు ముగ్గురు", అంతే.

ఇదంతా విన్నాక కూడా శనివారం ఫోనెందుకు ఎత్తానంటే, అలవాటు. ఫ్యామిలీ గ్రూపులో పెడదామని.

కార్లో కూర్చున్నాక పెద్దాయన కోప్పడలేదు. ముప్పయ్యేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి, కేకలెయ్యకుండా మాట వినిపించడం తెలుసు. "ఆవిడ కిరాణా షాపులో కౌంటర్ మీద ఉంటుంది. సోమవారం నా పాలకి బిల్లు కొట్టేది తనే. నన్ను చూసి తల దించుకోకూడదు కదా" అన్నారు. తర్వాత హీటర్ పెంచి వాతావరణం గురించి మొదలుపెట్టారు.

ఆ రోజంతా మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. మా దగ్గర దానాన్ని దాచుకోరు సార్, అని మొదలుపెట్టేవాణ్ని. గుళ్లో ఫ్యాన్ రెక్క మీద కూడా దాత పేరు రాయిస్తాం, గాలి ఎవరిదో తెలియాలిగా. ఒక్క దుప్పటిని ఎనిమిదిమంది పట్టుకుంటారు, తీసుకునే ముసలమ్మ ఆ చేతుల మధ్య ఎక్కడో ఉంటుంది, ఫొటోగ్రాఫర్ "ఇటు చూడమ్మా" అంటాడు. నిజమే, నవ్వొచ్చే దృశ్యమే. కానీ మీ పార్కులో బెంచీ బెంచీకి ఇత్తడి రేకు మీద పేరుంది, అదేంటి? లైబ్రరీ ముందు నడిచే దారిలో ఇటుకలు కూడా పేర్లతోనే ఉన్నాయి, రోజూ తొక్కుకుంటూ వెళ్తున్నానుగా. ఇచ్చినవాడి పేరు మీకూ కావాలి. పుచ్చుకున్నవాడి ముఖం ఒక్కటే వద్దు.

ఇక్కడికొచ్చేసరికి నా వాదన నాకే అడ్డం తిరిగింది.

ఎందుకంటే మామ్మ పోయినప్పటి నుంచి ఏటా డిసెంబర్‌లో ఆవిడ పేరు మీద ముప్పై దుప్పట్లకి డబ్బు పంపుతున్నాను. మా ఊళ్లో నా స్నేహితుడు కొని పంచుతాడు. నిరుడు వాడు పంపిన ఫొటోలు చూసి నేను పెట్టిన మెసేజ్ ఇంకా ఫోన్లో ఉంది: "ముఖాలు సరిగ్గా కనపడట్లేదురా." లెక్క కోసమే అడిగానని సర్దిచెప్పుకోవచ్చు. చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు, వాడి దగ్గర నాకు లెక్కేంటి?

మరి మామ్మ సంగతేంటి? క్యాంపులో నల్లద్దాలు పెట్టుకుని వరసలో కూర్చున్న ఆవిడ ఫొటో పేపర్లో జిల్లా పేజీలో పడింది. ఆ ముక్క కత్తిరించి ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో దాచుకుంది. వచ్చినవాళ్లకల్లా చూపించి "మూడో మనిషిని నేనే" అనేది. ఎవరో ఉచితంగా ఆపరేషన్ చేశారన్న చిన్నతనం ఆవిడలో నాకెప్పుడూ కనపడలేదు. ఇది ఆ పెద్దాయనకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. చెప్పినా, ఆవిడకి రేపు మళ్లీ ఎదురుపడాల్సిన కౌంటర్ లేదు కదా అనేవారేమో.

మంగళవారం క్లబ్బు క్రిస్మస్ డిన్నర్. ఎవరి ఇంట్లో వండింది వాళ్లు తెచ్చారు, నేను పులిహోర పట్టుకెళ్లాను. ఉపన్యాసం లేదు, శాలువా లేదు. ప్రెసిడెంటుగారు ఏప్రన్ కట్టుకుని సింకు దగ్గరున్నారు. ఈ క్లబ్బుల్లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంటుంది. సరదాగా తప్పులు పట్టి డాలరో రెండో జరిమానా వెయ్యడమే ఆయన పని. పసుపు చొక్కా వేసుకురాని వాళ్లకి పడింది, ఆలస్యంగా వచ్చినవాళ్లకి పడింది. "శనివారం పెట్టెలు పంచేటప్పుడు ఎవరు ఏం తప్పు చేశారో చెప్పండి" అన్నాడు. గుండె జారింది. పెద్దాయన నాకెదురుగానే కూర్చున్నారు. చెయ్యెత్తారు.

"నేనే. ఒక ఇంటికి దారి తప్పాను" అని డాలరు తీసి ఇచ్చారు. మేం ఎక్కడా దారి తప్పలేదు. తర్వాత పులిహోర రెండోసారి వడ్డించుకుని, కరివేపాకు ఏరి పళ్లెం అంచున పెట్టుకున్నారు.

ఆ రాత్రే స్నేహితుడికి వాయిస్ మెసేజ్ పెట్టాను, డబ్బు పంపాను, ఈసారి ఫొటోలు వద్దు, ఇళ్లకెళ్లి ఇచ్చేసి వచ్చెయ్ అని. పొద్దున లేచేసరికి జవాబు వచ్చింది.

"ఫొటోల్లేకపోతే ఎలారా? కాలవగట్టు మామ్మ నిరుటి ఫొటో ప్రింటు తీయించి ఇమ్మని ఏడాదిగా నా ప్రాణం తీస్తోంది. తీయించి ఇచ్చాను. ముఖం సరిగ్గా పడలేదు, ఈసారి బాగా తియ్యమంది."